తిట్టినవాడికి ప్రమోషన్

మా రావులపాలెం ట్యాక్సీ స్టాండులో ఇన్నోవా బాబాయిని ఓ సినిమా మనిషి తిట్టి అయిదేళ్లయింది. ఆ ఒక్క తిట్టు మీదే మా సాయంత్రం టీలన్నీ నడుస్తున్నాయి.

గౌతమి దాటితే జొన్నాడ, వశిష్ట దాటితే సిద్ధాంతం. రెండు వంతెనల నడుమ, 16వ నంబరు హైవే మీద మా ఊరు కోనసీమకి గుమ్మం లాంటిది. లోపల్నుంచి అరటి గెలలు వస్తాయి, బయటినుంచి సినిమా యూనిట్లు వస్తాయి. గెలలకి నోరుండదు.

యూనిట్లు రావడం ఇవాళ్టి సంగతి కాదు. ‘మూగమనసులు’ 1964లోది, ‘ముత్యాలముగ్గు’ 1975లోది. ఆ తర్వాత ఈ గోదారి గాలిని వంశీ వదిలిపెట్టిందెప్పుడు? కొవ్వూరు దగ్గర కుమారదేవంలో సినిమా చెట్టుగా పేరుపడ్డ నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోతే ఊళ్లకి ఊళ్లే బాధపడ్డాయి. బాబాయి మాత్రం టీ గ్లాసు కింద పెట్టి, “ఆ చెట్టు కింద ఎన్ని సినిమాలు తీశారో అందరూ చెప్తన్నారండి. ఎంతమంది తిట్లు తిన్నారో అదొక్కటీ చెప్పకుండా పోయింది. నాకు నోరుంది కాబట్టి సరిపోయింది, ఆయ్!” అన్నాడు.

అసలు జరిగింది నాకు తెలుసు. తెల్లారగట్ల నాలుగింటికి లొకేషనుకి ట్రిప్పు. ముందు సీట్లో నిక్కరేసుకున్న కుర్రాడు. డాష్‌బోర్డు మీద అన్నవరం సత్యనారాయణస్వామి, ఆయన పక్కనే ఈ కుర్రాడి కాళ్లు. కాళ్లు దించమన్నందుకు, “ఒరేయ్, నోర్మూసుకుని తోలు. నేనెవరో తెలుసా?” అన్నాడు.

“తెలీదండి. చెప్తే ట్రిప్ షీట్లో రాసుకుంటానండి” అన్నాడు బాబాయి.

మా వైపు ‘అండి’ ఉంది చూశారూ, దాన్ని మర్యాద అనుకున్నవాడు మా ఊరివాడు కాదు. అందులో నమస్కారం ఎంతో, చురక ఎంతో పలికినవాడికే తెలియాలి. కుర్రాడికి తెలియలేదు. దర్జాగా సంతకం పెట్టాడు. ఆ కాగితం నేను కళ్లారా చూశాను: కాస్ట్యూమ్స్ అసిస్టెంటుకి హెల్పరు. అంటే, చొక్కాలకి ఇస్త్రీ చేయించి తెచ్చేవాడు.

అక్కడొచ్చింది చిక్కు. పాతికేళ్లు స్టీరింగు పట్టినవాడు ఇస్త్రీ కుర్రాడి చేత ‘ఒరేయ్’ అనిపించుకున్నాడంటే స్టాండులో పరువేం కాను? అందుకని మరుసటి సంక్రాంతికి బాబాయి వాడికి ప్రమోషనిచ్చాడు. కుర్రాడు అసిస్టెంట్ డైరెక్టరయ్యాడు. పై ఏడాది వేసవికి కో-డైరెక్టరు. మొన్న దసరాకి ఏకంగా డైరెక్టరే! సినిమా ఫీల్డులో అంత తొందరగా పైకొచ్చినవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

హోదాతో పాటు తిట్టూ ఎదిగింది. కో-డైరెక్టరయ్యాక ‘ఒరేయ్’ పోయి ‘ఏవయ్యా’ వచ్చింది. డైరెక్టరయ్యాక డాష్‌బోర్డు మీది కాళ్లు దిగిపోయాయి. ఎందుకు బాబాయ్ అంటే, “డైరెక్టరుగారు కాళ్లు పెడతారేటండీ, అంత పెద్దమనిషి! ఇంగ్లీషులో తిట్టేరు” అన్నాడు. ఏమన్నారు అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే బాబాయి ఇబ్బంది పడతాడు.

నిజంగా పేరున్న పెద్ద నటుడొకాయన ఓసారి బాబాయి బండెక్కాడట. ముందు సీట్లో కూర్చుని, “భోంచేశావా నాయనా?” అని అడిగి, దారిలో ఆపి చక్కెరకేళీలు కొని సగం చేతిలో పెట్టాడట. ఈ కథ బాబాయి ఒక్కసారే చెప్పాడు. మధ్యలోనే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మంచివాడి కథకి టీ ఎవడిప్పిస్తాడు?

చివరికి ఆ కుర్రాడు పనిచేసిన సినిమా మా ఊరి హాలుకొచ్చింది. పేరు చెప్పను, శుక్రవారం వచ్చి బుధవారం వెళ్లిపోయింది. బాబాయి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. సినిమా అయిపోయి జనం లేచారు. మేం లేవలేదు. తెరమీద చివరి పేర్లు చీమల బారులా పైకి పాకుతున్నాయి. డైరెక్టరు పేరు ఎప్పుడో వెళ్లిపోయింది, బాబాయి దానివంక చూడనేలేదు. కాస్ట్యూమ్స్ వరస రాగానే జేబులోంచి మడతలు పడ్డ ట్రిప్ షీటు తీసి, సెల్‌ఫోను వెలుగులో పట్టుకున్నాడు. ఒక్కో పేరూ వేలితో సరిచూశాడు. లేదు. హాల్లో లైట్లు వేసేశారు. ఊడ్చేవాడు చీపురుతో వచ్చి మా కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

“చూశారా మాస్టారూ,” అన్నాడు బాబాయి, గొంతు తడబడుతూ, “కుర్రాడి పేరెయ్యలేదండి! ఇరవై రోజులు తెల్లారగట్ల నాలుగింటికి లేచేడండి. నేనే కదండీ తీసుకెళ్లింది!”