నాన్నకు ఎ ప్లస్

ఢిల్లీ కటవారియా సరాయ్‌కి ఒకపక్క ఐఐటీ, మరోపక్క కూతవేటు దూరంలో ఎన్‌సీఈఆర్‌టీ. ఇంతమంది మేధావుల నడుమ ఉన్నా, రెండో తరగతి పిల్లాడి ప్రాజెక్టు మాత్రం రాత్రి పదింటికి స్టేషనరీ కొట్టులోనే తేలుతుంది.

ఒకటి నుంచి పదో తరగతి దాకా కళతో ముడిపడిన ప్రాజెక్టు చేయించాల్సిందేనని 2020-21లో సీబీఎస్‌ఈ చెప్పింది. తల్లిదండ్రుల మీద ఖర్చు పడకూడదనీ, పర్యావరణానికి హాని చేయకూడదనీ కూడా చెప్పింది పాపం! ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ లెక్కలో ఢిల్లీకి సిక్కిం జోడీ. అందుకని ఇంట్లో కాంచన్‌జంగ లేవాలి. నాన్న థర్మాకోల్ కోస్తాడు. అమ్మ మంచుకోసం దూది అతికిస్తుంది. పై గదిలో గేట్‌కి చదువుకుంటున్న తెలుగు కుర్రాడు బల్బుల వైరింగ్ చూస్తాడు. పిల్లాడు గుర్రు పెడతాడు.

(మనవైపు ఆంధ్రకు పంజాబ్, తెలంగాణకు హర్యానా. విజయవాడ డాబాల మీద ఎన్ని స్వర్ణదేవాలయాలు వెలిశాయో!)

కొండ కింద అట్టముక్క మీద ‘పర్యావరణాన్ని కాపాడుదాం’ అని రాసి ఉంటుంది. అలంకరణ థర్మాకోల్‌ను కేంద్రం నిషేధించింది 2022 జూలై 1న.

మర్నాడు సాయంత్రం పిల్లాడు గెంతుకుంటూ వచ్చాడు: ‘‘నాన్నా, నీకు ఎ ప్లస్ వచ్చింది!’’