గేజు పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

నంద్యాలలో పాత స్పోర్ట్స్ కారు కనబడటం దుర్లభం. అయితే ఆ కార్లవాళ్లు పడే శంకే ఇక్కడ పాత బుల్లెట్టువాళ్లూ పడుతుంటారు. ఇంజినాయిలు ఎంతుందో ఎప్పుడు చూడాలి? బండి చల్లగా ఉన్నప్పుడా, తిరిగొచ్చాకా? షెడ్డుల్లో దీనికి జవాబు వచనంలో చెబుతారు, మధ్యమధ్య తిట్లుంటాయి. తిట్లు తీసేసి ఆటవెలదికి ఎక్కించాం. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. మూలమూ మాదే, టీకా మాదే గనుక మాకా ఇబ్బంది లేదు.

మూలము

బండి నడిపి తెచ్చి బండపై నిలబెట్టి
గేజు తీసి తుడిచి గీత చూడు
రెండు గీతల నడి రేయైన పగలైన
నూనె నిలిచెనేని నూరు మైళ్లు

టీక

బండి = పోత ఇనుప ఇంజిను బుల్లెట్టు. 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డుతో పొత్తు కుదుర్చుకొని మొదలుపెట్టిన వంశం. నవనందుల సీమలో దీన్ని పదో నందిగా లెక్కించినా తప్పులేదు. నడిపి తెచ్చి = దీని సంగతి కింద విడిగా. బండపై = బేతంచెర్ల నాపబండ పరిచిన చదును నేల మీద. నిలబెట్టి = సెంటర్ స్టాండు వేసి; సైడు స్టాండు మీద వాలిన బండిలో నూనె కూడా వాలే ఉంటుంది. గేజు = గీతలున్న పుల్ల. కొత్త బుల్లెట్లకు పక్కన గాజు బిళ్ల ఉంటుంది గనుక వాటివారికి రెండో పాదం అక్కర్లేదు. తుడిచి = బనియన్ వేస్టుతో. లుంగీ అంచుతోనని కొందరు. అది ఆచారమే గాని శాస్త్రం కాదు.

గీత చూడు = తుడిచేసిన పుల్ల మీద ఇక చూడటానికేముంది అని శంక. 'మళ్లీ దింపి, పైకి తీసి' అన్నవి అధ్యాహారం. మొదటిసారి తీసిన పుల్ల ఒళ్లంతా నూనె పూసుకొని అబద్ధం చెబుతుంది.

నూనె = 20డబ్ల్యూ-50. ఇందులో డబ్ల్యూ చలికాలాన్ని చెప్పే అక్షరం. నంద్యాలలో దానికి పెద్దగా పని పడదు. రేయైన పగలైన = గణాలు నింపడానికి వేసినవి, దాచడమెందుకు.

పాఠభేదము

కారు షెడ్డుల ప్రతిలో మొదటి పాదం 'బండి నడుపకుండ బండపై నిలబెట్టి' అని ఉంటుంది. గణాలు కుదిరాయి, యతీ చెడలేదు. ఛందస్సుతో ఈ తగవు తేలదు, ఇంజిను విప్పాల్సిందే.

పూర్వపక్షం ఇది. అంబాసిడరు, హెరాల్డు, ట్రాక్టరు, వీటన్నిటికీ నూనె ఇంజిను అడుగున ఉన్న సంపులోనే ఉంటుంది. నడిచేటప్పుడు పైకెక్కి తిరుగుతుంది, ఆగాక మెల్లగా దిగుతుంది. కాబట్టి పొద్దున్నే, స్టార్టు చేయకముందే చూడాలి. మాట సరైనదే. దాన్ని బుల్లెట్టుకు కూడా అంటగట్టడం దగ్గరే పూర్వపక్షి పప్పులో కాలేశాడు.

బుల్లెట్టుది డ్రై సంపు. నూనె ఉండేది క్రాంకు కింద కాదు, అదే పోతలో వెనకవైపున్న టాంకులో. ఒక పంపు టాంకులోంచి తోడి ఇంజినుకిస్తుంది, రెండోది కిందికి జారినదాన్ని తిరిగి టాంకుకు చేరుస్తుంది. బండి వారం పది రోజులు కదలకపోతే మొదటి పంపు సందుల్లోంచి నూనె క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. గేజు దిగేది మాత్రం టాంకులోకే. గీత కింద చుక్క కనబడదు. యజమాని కంగారుపడి అర లీటరు పోస్తాడు. కిక్కు కొట్టాక రెండో పంపు కిందున్నదంతా పైకి తోడుతుంది, అక్కడ చోటుండదు. బ్రీదరు గొట్టం కక్కుతుంది, సైలెన్సరు పొగ వదులుతుంది, బోరు పోయిందని ఊరంతా తీర్మానిస్తుంది. బోరుకేమీ కాలేదు, పోసిన అర లీటరే బయటికొచ్చింది.

అందుకే గేజు చేతబట్టుకొని దిగాలుగా నిలబడినవాడితో మెకానిక్కు 'ఒక రౌండు కొట్టుకొని రా సామీ, అప్పుడు సూద్దాం' అంటాడు. తిరిగొచ్చి, ఇంజిను ఆపి, ఎక్కువసేపు కాకముందే చూడాలి. ఇక్కడ ప్రధానం పంపు తిరగడం, వేడి కాదు. మే నెల ఎండలో నిలబెట్టిన బండిని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ వేడిని 'నడిపి తెచ్చి' ఖాతాలో జమ కట్టరాదు.

ఈ మతానికి పరదేశ ప్రమాణమూ ఉంది: 1964 నుంచి 1998 దాకా తయారైన, గాలితో చల్లబడే పోర్షే 911. అదీ డ్రై సంపే. జర్మన్ భాష్యకారులు ఇంకాస్త ముందుకెళ్లి, ఇంజిను వేడెక్కి ఐడిలింగులో నడుస్తుండగానే గేజు తీయమన్నారు. వారి లెక్కన 'నిలబెట్టి' అన్నది బండికే గాని ఇంజినుకు వర్తించదు. ఆపి చూసిన 911 యజమానీ ఆళ్లగడ్డ బుల్లెట్టు యజమానిలాగే ఎక్కువ పోస్తాడు. పోసిన నూనె ఖరీదులోనే తేడా.

తాత్పర్యము

స్పష్టము.

ఫలశ్రుతి

నూరు మైళ్లంటే 160 కిలోమీటర్లు. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాదాపు 40. రెండుసార్లు పోయి రావచ్చు. నల్లమల మీదుగా గిద్దలూరు ఘాటు ఎక్కేవాళ్లకు కవి హామీ ఇవ్వలేదు. పాత బుల్లెట్టు నూనె తాగుతుంది, కారుస్తుంది కూడా, కాబట్టి నూరు మైళ్లు తిరిగొచ్చాక మళ్లీ గేజు తీయాల్సిందే. ఆ రోజుకు రౌండు కొట్టే పని మాత్రం ఉండదు.