కాస్త రంగుంటే బాగుండేది: తల్లులకు, పిన్నులకు, మేనత్తలకు కొన్ని చిట్కాలు

పిల్ల పుట్టగానే ముందు చెవులు చూడాలి. పుట్టిన రోజున ఎవరైనా ఎర్రగానే ఉంటారు, అది నమ్మకండి. చెవి అంచున ఏ రంగుంటే చివరికి తేలేది అదే. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, తల్లికి వినపడేట్టు “చెవులు నలుపే సుమా” అని ఒక్క మాట అనేస్తే మీ పని మొదలైనట్టే. తొమ్మిది నెలలూ కుంకుమపువ్వు వేసిన పాలు తాగిన ఆ తల్లి మొహం అప్పుడు చూడాలి. రంగు అమ్మానాన్నల జన్యువుల్ని బట్టి వస్తుంది, పాలని బట్టి కాదని డాక్టరమ్మ మొత్తుకుంటుంది. ఆవిడా నలుపే కాబట్టి అలాగే అంటుంది లెండి.

టీవీలూ ఫోన్లూ చూసి పిల్లలు తమ మొహాన్ని తామే అసహ్యించుకుంటున్నారని ఈమధ్య అందరూ రాస్తున్నారు. ముప్ఫై ఏళ్లుగా మా వంశంలో పిల్లలందర్నీ నా చేతుల మీదుగా దిగులు పెట్టినదాన్ని, ఆ ఘనతంతా ఫోనుకి కట్టబెడితే ఊరుకుంటానా? 2021లో ఫేస్‌బుక్ వాళ్ల సొంత పరిశోధన కాగితాలు బయటికొచ్చాయి. ఒంటి తీరు మీద అప్పటికే బెంగ ఉన్న టీనేజి ఆడపిల్లల్లో ముగ్గురికి ఒకరు, ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బెంగ ఇంకా ముదిరిందన్నారట. ముగ్గురికి ఒక్కరు! అంత పెద్ద కంపెనీ, అంతమంది ఇంజినీర్లు. మిగతా ఇద్దరి సంగతి ఎవరు చూడాలి? పైగా ఆ “అప్పటికే” ఎవరి చలవ?

అసలు కిటుకు చెబుతాను, వినండి. పిల్లని తిట్టకూడదు. “నల్లపిల్లా” అంటే దానికి కోపమొస్తుంది, కోపమొచ్చిన పిల్ల బాగుపడిపోతుంది. మెచ్చుకోవాలి. “రంగు తక్కువైనా కళ గల మొహం.” “లావైనా చలాకీ పిల్ల.” ఆ ‘ఐనా’లోనే ఉంది మందంతా. మా అక్క కూతురికి పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చినప్పుడు ఇంటినిండా చుట్టాలున్నారు. “చదువుంటే ఇంక రంగుతో పనేముందే నీకు” అన్నాను, బుగ్గ పుణికి మరీ. నోటి దాకా తెచ్చుకున్న మైసూర్‌పాక్ ముక్కని మళ్లీ డబ్బాలో పెట్టేసింది. ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

ఇక క్రీములు. పేరు మారిందని కంగారుపడకండి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీయే 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. ట్యూబు మీంచి ‘ఫెయిర్’ పోయింది గానీ మన నోట్లోంచి పోలేదు, కొట్లో నేనిప్పటికీ పాత పేరే అడుగుతాను. నలుపువాళ్లకి ఉద్యోగం రానట్టు, పెళ్లి కానట్టు ప్రకటనల్లో చూపించకూడదని 2014లో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమం పెట్టింది. ప్రకటనల్లో చూపించకూడదంది గానీ, భోజనాల దగ్గర అనకూడదని అనలేదు కదా. షాదీ డాట్ కామ్ వాళ్లు 2020లో రంగుని బట్టి వెతికే గడి తీసేశారు. మా పెళ్లిళ్ల పేరయ్యగారి డైరీలో ఆ గడి భేషుగ్గా ఉంది.

క్రీముతో తృప్తి కలగకపోతే మెడికల్ షాపు అబ్బాయి చీటీ లేకుండా ఒక ట్యూబు ఇస్తాడు. గజ్జికీ తామరకీ కూడా అదే ఇస్తాడు. అందులో బెటామెథాసోనో క్లోబెటసాలో, ఏదో ఒక స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నాళ్లకే మొహం తేటపడుతుంది, చుట్టుపక్కలవాళ్లు ఏం రాస్తున్నావని అడుగుతారు. ఆ తర్వాత చర్మం పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, ఆడపిల్లకి గడ్డం మీద వెంట్రుకలొస్తాయి. మానేద్దామంటే మంట రెట్టింపవుతుంది, అది చల్లారడానికి మళ్లీ అదే రాయాలి. ఇలాంటి మొహాలు ఎంతమందివి వస్తున్నాయంటే చర్మ డాక్టర్లు దీన్నో జబ్బుగా లెక్కగట్టి పేరు కూడా పెట్టారు. ఇంత నిలకడైన గిరాకీ ఏ సబ్బుకుంది చెప్పండి?

లావు విషయంలో కాస్త నేర్పు కావాలి. టీవీలో ‘మాయాబజార్’ వస్తుంటే అందర్నీ కూర్చోబెట్టండి. 1957 నాటి సావిత్రిని చూసి “ఆ నిండుతనం, ఆ అందం ఇప్పుడేవీ” అని నిట్టూర్చండి. సరిగ్గా అప్పుడే బొద్దుపిల్ల పళ్లెంలోంచి రెండో గారె తీసెయ్యండి. రెండు పనులూ ఒకే చేత్తో చెయ్యొచ్చు, నేను చేశాను.

సాయిపల్లవితో మాత్రం జాగ్రత్త. ‘ఫిదా’లో మొటిమలతోనే తెర మీదికొచ్చింది, ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనకి రమ్మంటే రానంది. పిల్లలకి లేనిపోని ధైర్యాలొస్తాయి. వెంటనే “ఆవిడ డాన్సు చేస్తుంది కాబట్టి చెల్లింది, నీకేం వచ్చు?” అనండి.

మగపిల్లలని వదిలెయ్యకండి, పాపం వాళ్లూ పిల్లలే. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూపించాక ఊరూరా జిమ్ములు కిటకిటలాడాయి. బక్కగా ఉంటే గడకర్ర, బొద్దుగా ఉంటే పనసపండు అంటే చాలు, మిగతాది వాడే చూసుకుంటాడు. ఆ కండలు తేలడానికి షూటింగు ముందు మంచినీళ్లు కూడా తగ్గించేస్తారన్న సంగతి మాత్రం వాడి చెవిన పడనివ్వకండి.

మొన్న మా మనవరాలి ఓణీల ఫంక్షనయింది. గేటు దగ్గర పన్నెండడుగుల ఫ్లెక్సీ. ఫొటోగ్రాఫర్ మొహాన్ని పాలమీగడలా దిద్ది, చేతులు మర్చిపోయాడు. మెడ దాకా ఎవరో, మెడ కింద మా పిల్ల. వచ్చినవాళ్లంతా “ఎంత బావుందో” అని ఫ్లెక్సీని చూసి, లోపలికెళ్లి పిల్లకి అక్షింతలు వేశారు. ఇది మన కాలంలో లేదనుకోకండి. 1986లో నా పెళ్లిచూపులకి ఫొటో తీసిన స్టూడియో ఆయన నెగెటివ్ మీద పెన్సిల్‌తో గంటసేపు దిద్దాడు. ప్రింటులో వెన్నెలలా వచ్చాను. పెళ్లివాళ్లు వచ్చారు, ఫొటో ఒకసారి చూశారు, నన్నొకసారి చూశారు. “ఈ పిల్ల మీ పెద్దమ్మాయా అండీ? ఊళ్లో లేదా?” అని అడిగింది పెళ్లికొడుకు తల్లి. కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని ఎదురుగా నేనే ఉన్నాను.

ఆ సంబంధం తప్పిపోయింది. ఫొటో మాత్రం పారెయ్యలేదు, బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఫంక్షను ఆల్బం వచ్చిన రోజున మనవరాలు అదెలాగో పట్టుకుంది. నేల మీద బోర్లా పడుకుని రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

“అమ్మమ్మా, మనిద్దరం అచ్చం ఒకేలా ఉన్నాం” అంది. తలెత్తి నా వైపు చూడలేదు.