మెత్తని మేపుల్, గట్టి మేనల్లుడు

మా నంద్యాలలో చెక్కంటే టేకు. దర్వాజాకి టేకు, మంచానికి టేకు, చుట్టాల ముందు గొప్ప చెప్పుకోవడానికీ టేకే. అలాంటి ఊళ్లో మా అక్క కొడుకు అమెరికా నుంచి మేపుల్ చెక్క తెప్పించి, మిద్దె మీది గదిలో లేత్ మిషను బిగించి, పూల్ ఆడే క్యూ కర్రలు చేస్తానని కూర్చున్నాడు. ఉద్యోగమేమో సాఫ్ట్‌వేర్, అదీ ఇంటినుంచే. మీటింగులో మైకు ఆపి లేత్ ఆన్ చేస్తాడు. "వాడికి కాస్త గడ్డి పెట్టు తమ్ముడూ" అని అక్క నన్ను మిద్దె ఎక్కించింది. నేను నోరు తెరిచేలోపే వాడు పాఠం మొదలుపెట్టాడు.

మేపుల్‌లో గట్టిదని, మెత్తదని రెండు రకాలట. పదకొండు మిల్లీమీటర్ల పైచిలుకు ఉక్కు గుండును సగం వరకు చెక్కలోకి దించడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. దాన్ని జాంకా పరీక్ష అంటారు. గట్టి మేపుల్‌కు దాదాపు 1450 పౌండ్ల బలం కావాలి. మెత్తవాటిలో ఎర్ర మేపుల్ 950కి, పెద్దాకు మేపుల్ 850కి లొంగిపోతాయి.

"మరి మెత్తదెందుకు? గట్టిదాంతోనే చేసుకోవచ్చు గదరా?"

"చారలు మామా, చారలు!" అని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఒక ముక్కను తుడిచాడు. పాలిపోయిన చెక్క చూస్తుండగానే తేనెరంగుకు తిరిగింది. అడ్డంగా పులిచారలు లేచాయి. ముక్కను వేళ్ల మధ్య తిప్పితే నల్ల చార మెరుస్తుంది, మెరిసే చార నల్లబడుతుంది, రెండు రంగుల ధర్మవరం పట్టు మడత కదిలించినట్టు. స్పిరిట్ ఆరగానే మళ్లీ మామూలు చెక్కే. నేనే ఇంకోసారి తుడవమన్నాను.

చెట్టులో నార తిన్నగా పోకుండా అలలుగా పోయినచోట ఈ చారలు పుడతాయి. అంటే వంకరే అందం. ఆ అందంతోనే తంటా. నార పైకి లేచినచోట పనిముట్టు తగిలితే సాఫుగా తెగదు, పెచ్చు ఊడొస్తుంది. మెత్తదైతే మరీను. అందుకని ఫెవిక్విక్ లాంటి పల్చటి జిగురు తాగించి, నార బిగిశాక, వెంట్రుకవాసి చొప్పున తీస్తాడు. ఒక పొర తీసి నెలల తరబడి వేలాడదీస్తాడు. వంగే సరదా ఉంటే వంగి, అది తీరాక, మళ్లీ ఒక పొర. ఎండాకాలం నిప్పుల కొలిమి, కె.సి. కెనాల్‌కు నీళ్లొదిలితే వరిమళ్ల చెమ్మ. మా ఊళ్లో తిన్నగా ఉండటం చెక్కకేంటి, మనిషికే కష్టం.

అసలు కిటుకు లోపలుంది. చారల ముక్కకు నిలువునా బెజ్జం వేసి, నార తిన్నగా ఉన్న గట్టి మేపుల్ కడ్డీని దింపి ఎపాక్సీతో అతికిస్తారు. బంతిని కొట్టినప్పుడు దెబ్బ కాచేది కడ్డీ, ఫొటోలో పడేది చార. కాఫీ తెచ్చిన అక్క ఇది విని, "మనింటి సంగతి వీడికెవరు చెప్పార్రా?" అంది, బావ వైపు చూడకుండా.

పేరున్న కర్రలకూ ఈ పైకొకటి, లోపలొకటి తిప్పలున్నాయి. రష్యాలో పుట్టి అమెరికాలో క్యూలు చేసిన జార్జ్ బలాబుష్కా 1975లో పోయాడు. 1986లో వచ్చిన 'ద కలర్ ఆఫ్ మనీ' సినిమాలో టామ్ క్రూజ్ చేతికిచ్చింది ఆయన చేసిన క్యూ అనే చూపించారు. నిజానికది జాస్ కంపెనీది. సినిమాల్లో హీరోకే కాదు, కర్రకూ డూపే.

తొలి క్యూ అడుగున సింహం తల చెక్కించాలని మావాడు నన్ను ఆళ్లగడ్డకు లాక్కుపోయాడు. అక్కడ రాయిని మాట్లాడించే శిల్పులున్నారు. గంటలా మోగితే మగరాయి, తాళంలా పలికితే ఆడరాయి, ఏమీ పలక్కపోతే నపుంసక శిల అని వాళ్ల శాస్త్రం. ఒక పెద్దాయన గట్టి మేపుల్, మెత్త మేపుల్ ముక్కలు రెంటినీ ఉలిపిడితో తట్టి, "ఇది పలుకుతాంది. ఇది మూగది. ఈ మూగదానికా నాయనా ఇంత ఖర్చు?" అన్నాడు. క్యూలు చేసేవాళ్లూ చెక్కను తట్టి వింటారని మావాడు ఉబ్బిపోయాడు. పెద్దాయన మాత్రం చెక్క తిరిగిచ్చేశాడు. "దీంట్లో సింహాన్ని చెక్కితే నాలుగాటలకు పిల్లయితాది సామీ."

తిరిగొస్తుంటే అడిగాను, "మన నల్లమలలో చారల చెక్కే లేదా?"

"ఎందుకు లేదు? ఎర్రచందనం. అలల నారున్న దుంగకే ధరెక్కువ. దాంతో జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం చేస్తారు మామా."

"ఆ పేరు కార్లో ఎత్తకు. ముందు చెక్‌పోస్టుంది."

కాబట్టి క్యూ కొనేవాళ్లకు నా మనవి. చారలు చూసి ముచ్చటపడండి, డబ్బులిచ్చే ముందు లోపల ఏ కడ్డీ పెట్టారో అడగండి. బల్ల మీద దొర్లించి చూడండి. ఎగరకుండా సాఫీగా దొర్లితే కర్ర మంచిదే. ఆ తర్వాత బంతి పాకెట్‌లో పడకపోతే మేపుల్‌ను తిట్టొద్దు.