నివాళి సారు

ఊరికొకరు ఉంటారు. ఘంటసాల వర్ధంతికీ, బాలు జయంతికీ కచేరీ పెట్టకపోతే ఆ మహానుభావుల ఆత్మలు శాంతించవని వీరి గట్టి నమ్మకం. జోగిపేటలో అలాంటాయన్ను నివాళి సారు అంటారు. ఎరువుల దుకాణం ఆయనది. జనవరి వచ్చిందంటే యాసంగి నాట్ల కాలమైనా సరే, యూరియా లెక్కలు కొడుక్కి అప్పజెప్పి బిల్లుబుక్కు వెనకవైపు గాయకుల పేర్లు రాయడం మొదలుపెడతారు. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరి 11న. అప్పటిదాకా సారుకు నిద్ర ఉండదు, సారు ఫోనుకు అసలే ఉండదు.

గొంతున్నవాణ్ని పిలవాలి, పాడించాలి, ఇందులో ఏముంది అనుకుంటాం. ఆ మాట సారు దగ్గర అన్నామంటే మనవైపు జాలిగా చూస్తారు.

"గొంతు అందరికుంటది సార్. మంది ఎవరికున్నరో చూడాలె."

గాయకుడు తన వెంట ఎంతమందిని తెస్తాడన్నది మొదటి అర్హత. భార్య, ఇద్దరు పిల్లలు, బావమరిది, వీడియో తీయడానికి మరదలు. ముప్ఫైమంది గాయకులను వేసుకుంటే ఫంక్షన్ హాలులో నూటయాభై కుర్చీలు నిండినట్టే. "మంచిగ పాడేటోన్ని ఒక్కన్నే పెడితే ఏమైతది? ఆయన, మైకు పిలగాడు, నేను. ముగ్గురం ఉంటం." ఈ లెక్కకు ఎదురు లెక్క ఇప్పటిదాకా ఎవరూ చూపలేదు. పాడేవాళ్లే వినేవాళ్లని ఆయన ఎప్పుడో కనిపెట్టారు. అందుకే గాయకులను ఎంచడమంటే ఆయన దృష్టిలో శ్రోతలను ఎంచడమే.

మరీ ముప్ఫైమందా అంటే చరిత్ర తీస్తారు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడింది ఈ జోగిపేటలోనే. ఊరికి ఆ గర్వం తగినదే. సారు దాన్ని ఏటా ఒకసారి ఇలా వాడుకుంటారు: "తెలంగాణల కవులే లేరంటే సురవరం వారు 354 మందిని దేవులాడి గోలకొండ కవుల సంచిక ఏసిండు. ముప్ఫైమంది గాయకుల్ని నేను దేవులాడలేనా?" సురవరం వారు 1934లో ఆ కవుల పద్యాలు అచ్చువేశారే గాని అందరికీ తలా ఒక మైకు ఇవ్వలేదని గుర్తుచేసే ధైర్యం మనకుండదు.

దేవులాడే పని కూడా లేదు. సంగారెడ్డి దాటి పటాన్‌చెరు వైపు వెళ్తే పాశమైలారం, ఇస్నాపూర్, రామచంద్రాపురం, ఎక్కడ ఫ్యాక్టరీ ఉందో అక్కడ షెడ్డుకొక ఘంటసాల. మందుల కంపెనీలో మాస్కు కట్టుకొని ఎనిమిది గంటలు నోరు విప్పని మనిషి, మాస్కు తీశాక పాడకుండా ఎలా ఉంటాడు? ఫోనులో కరోకే ట్రాకులు వచ్చాయి. వాద్యాలవాళ్లకు డబ్బు కట్టే బాధ పోయింది. ఈ గాయకుల పట్టిక సారు షిఫ్టుల ప్రకారం వేస్తారు. ఏ షిఫ్టువాడు రెండింటికే దిగుతాడు కాబట్టి మొదటి పాటలు అతనివి. జనరల్ షిఫ్టుకు ఎనిమిది తర్వాత. బీ షిఫ్టువాడు దిగేది రాత్రి పదికి. కాబట్టి డ్యూటీ మార్చుకుంటేనే అతనికి ఛాన్సు. సీ షిఫ్టువాడు మాత్రం పాడి శాలువా కప్పించుకొని, అదే శాలువాతో కంపెనీ బస్సెక్కాలి.

అసలు తమాషా చూడాలంటే పాటలు పంచే ఆదివారం దుకాణానికి వెళ్లాలి. యూరియా బస్తాల మీద గాయకులు, కుర్చీలో సారు. "శివశంకరి ఎవరికి?" అనగానే సగం చేతులు లేస్తాయి. 1961లో 'జగదేకవీరుని కథ' కోసం పెండ్యాల దర్బారీ కానడలో కట్టిన ఆ పాటకు తెరమీద ఒక్క ఎన్టీఆర్ చాలక నలుగురైదుగురు ఎన్టీఆర్లు కావలసి వచ్చారు. ఇక్కడ మాత్రం ఒక్కొక్కరూ ఒంటరిగానే సిద్ధం. సారు అందరివైపూ చూసి మెల్లగా అడుగుతారు, "టెంటు ఎవరిది?" ఒక చెయ్యి తప్ప అన్నీ దిగిపోతాయి. పాట అలా తేలిపోతుంది. సౌండుబాక్సులు ఇచ్చినాయనకు భక్తి పాట, శాలువాలు తెచ్చినాయనకు యుగళగీతం. విజయనగరంలో మాధుకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చిన మహానుభావుడి పేరిట, మావాళ్లు ఎదురు డబ్బు కట్టి పాడుతున్నారు. సంగీతానికి మంచి రోజులు వచ్చాయనే అనుకోవాలి.

యుగళగీతం దగ్గర ఇంకో పేచీ ఉంది. మగాయనకు పై స్థాయి అందదు. "అన్నా, ట్రాకు రెండు స్కేళ్లు దించు" అంటాడు. దించగానే పక్కనున్న ఆడమనిషి గొంతు అడుగుకు వెళ్లి, ఆమె పెదవులు కదలడం తప్ప ఏమీ వినబడదు. "ఎకో పెంచు" అని హాలు ఆ చివర్నుంచి కేకలు. అప్పుడిక రెండు గొంతులూ ఒకటే. ఎవరు తప్పు పాడారో చెప్పడం దేవుడి వల్ల కూడా కాదు.

సారుకు ఒక్క నియమం మాత్రం రాజ్యాంగంతో సమానం. ట్రాకు పెన్‌డ్రైవులో తేవాలి. ఫోనులో తెచ్చినవాణ్ని ఎంత పెద్ద గాయకుడైనా ఎక్కనివ్వరు. ఒకసారి చరణం నడుమ ఫోనొచ్చి, డీజే రింగుటోను హాలంతా మోగి, ముందువరుస పిల్లలు లేచి ఎగిరారు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం జనం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది దానికే.

ఏ పాట ఎవరిది, ఎవరు ముందు అన్న ఈ పంపకాల జబ్బుకు తిరువయ్యారులో ఎప్పుడో మందు కనుక్కున్నారు. త్యాగరాజ ఆరాధనలో కక్షలు పుట్టి, ఆడవాళ్లను పాడనివ్వకపోతే, స్వామి సమాధికి సొంత సొమ్ముతో గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి వాళ్లకు చోటు సంపాదించింది. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒక్కటయ్యాయి. పంచరత్నాలు, నాట మొదలు శ్రీరాగం దాకా అయిదూ, అందరూ కలిసి కూర్చుని పాడే పద్ధతి స్థిరపడింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న గొడవే లేదు. ఈ సంగతి చెప్పి, మనమూ అలా చేద్దామా అని సారును అడిగితే ఒక్క క్షణం ఆలోచించారు.

"అందరు కల్సి పాడితే, వీడియోల ఎవని గొంతు ఏదో వానికెట్ల తెలుస్తది?"

ఇంత చెప్పాక సారుకు చెవి లేదనుకునేరు. ఉంది. ఆయనకున్న చెవి హాలులో ఇంకెవరికీ లేదు. ఏటా ఒక్క గొంతును మాత్రం టెంటూ శాలువా అడక్కుండా తెస్తారు. ఒకసారి కంపెనీ క్యాంటీన్‌లో రొట్టెలు చేసే ఆమెను తెచ్చారు. ఆమెకు మంది లేరు, పెన్‌డ్రైవు కూడా లేదు. ట్రాకు సారే దించి పెట్టారు. ఆమెను ఎక్కడ పెట్టారో చూడండి, అక్కడుంది ఆయన తెలివి. మొదట పెడితే జనం రారు, చివర పెడితే ఉండరు. అందుకని మున్సిపల్ నాయకుడి బామ్మర్ది పాటను ఆఖరున వేసి, ఆమెను అతనికి సరిగ్గా ముందు వేశారు. బామ్మర్ది పాట వినకుండా పోవడానికి వీల్లేని వాళ్లందరూ ఆమె పాట విన్నారు. ఆమె పాడుతున్నంతసేపూ సారు స్టేజీ పక్కన, సౌండు పిలగాడి చెయ్యి ఎకో మీట దగ్గరికి పోకుండా పట్టుకొని నిలబడ్డారు.

ఫ్లెక్సీలో మాత్రం మార్పు లేదు. ముప్ఫై గాయకుల ముఖాలు నిలువెత్తున ఉంటాయి. ఘంటసాల ఎడమవైపు పైమూలన పాస్‌పోర్టు సైజులో. సారు ఫోటో ఆయనకన్నా కాస్త పెద్దది.

ఫిబ్రవరి 11 సాయంత్రం జోగిపేట వైపు వచ్చే పనుంటే, పాడే ఉద్దేశం ఏమాత్రం లేనివారు దయచేసి దుకాణంలో ముందుగా ఒక మాట చెప్పండి. ముందువరుసలో కుర్చీ, వెజ్ బిర్యానీ ప్యాకెట్టూ సారు సొంత ఖర్చు.