ఐదున్నరకు పద్దెనిమిది సెకన్లు తక్కువ

ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో, ప్రపంచవ్యాప్త పరిశీలన వ్యవస్థలో ‘హైడ్’ అనే పొట్టి పేరుతో నమోదైన జీపీఎస్ కేంద్రం ఉంది. ఇటువంటి కేంద్రం ఉపగ్రహాలకు ఆజ్ఞలేవీ పంపదు. వాటి సంకేతాలను వింటూ, 30 సెకన్లకొకసారి రాసుకుంటూ, రోజుకు 2,880 నమోదులతో ఒక ఫైలు తయారుచేస్తుంది. ఆ ఫైళ్లను ఏళ్ల తరబడి పోల్చి చూస్తే, హైదరాబాదు తన కిందనున్న భారత ఫలకంతో సహా ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతున్నట్లు తేలుతుంది. సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో బస్సు కదలక కూర్చున్నవారు దీన్నిబట్టి కీసర వైపు ప్రయాణిస్తూనే ఉన్నట్లు లెక్క. అయితే కీసర కూడా అదే వేగంతో ముందుకు పోతున్నందున, చేరుకునే ఆశ మాత్రం పెట్టుకోరాదు.

రోజూ ఫైలును మూసి, కుదించి, పంపే చాకిరీని లైనక్స్ యంత్రాలలో సాధారణంగా ‘క్రాన్’ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తారు. అది నిమిషానికొకసారి మేల్కొని, నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే ఐదు గడుల పట్టిక చూసి, ఆ నిమిషానికి పని ఉంటే చేసి, లేకుంటే మళ్లీ పడుకుంటుంది. ఐదు అంగాల పంచాంగంతో పెరిగిన తెలుగువారికి ఈ ఐదు గడులు కొత్తగా తోచవు. కాకపోతే క్రాన్‌కు వర్జ్యం లేదు, రాహుకాలం లేదు.

చిక్కు ముహూర్తం దగ్గరే వస్తుంది. ఉప్పల్ పరిసరాల్లో ఇటువంటి కేంద్రమొకటి ఉందనుకుందాం. నాచారంలో అద్దెకుంటున్న యువ ఇంజనీరు ఒకరు ‘నిన్నటి ఫైలు’ను అర్ధరాత్రి పన్నెండింటికి పంపమని అక్కడి క్రాన్ పట్టికలో రాశారనుకుంటే, పని క్షణం తప్పకుండా జరుగుతుంది, ఫైలు సరైన పేరుతోనే వెళుతుంది, అందులో సుమారు 660 నమోదులు మాత్రం ఉండవు. కారణమేమంటే, సార్వత్రిక కాలమానంలో అర్ధరాత్రి అయ్యేసరికి భారతదేశంలో ఉదయం 5:30 అవుతుంది. 2017 జనవరి నుంచి జీపీఎస్ గడియారం సార్వత్రిక కాలం కంటే 18 సెకన్లు ముందుంటున్నందున, ఫైలు పాటించే ఉపగ్రహాల లెక్కలో ఉప్పల్‌లో తేదీ మారేది పాల ప్యాకెట్లు గుమ్మం చేరే వేళకు, సరిగ్గా 5:29:42కు. నిమిషాలు తప్ప సెకన్లు ఎరుగని క్రాన్‌కు ఆ 42ను ఎలాగూ చెప్పలేము. ఆరు గంటలని రాసి ఊరుకోవడమే ఉత్తమం. ఫైలు పేరులో తేదీకి బదులు సంవత్సరంలో ఎన్నో రోజన్నది రాస్తారు కాబట్టి, 2024 ఏప్రిల్ 9న వచ్చిన ఉగాది ఆ లెక్కలో కేవలం 100.

శాతం గుర్తు కథ వేరు. ఫైలు పేరు కోసం ఆ రోజు సంఖ్యను అడిగే ఆదేశంలో ఆ గుర్తు తప్పనిసరి, క్రాన్ పట్టికలోనేమో దానికి ‘పంక్తి ఇక్కడితో సరి’ అని అర్థం. ముందు బ్యాక్‌స్లాష్ అనే వాలుగీత పెట్టకపోతే, పగలు చేత్తో కొట్టినప్పుడు చక్కగా నడిచిన ఆదేశమే మర్నాడు ఆరింటికి సగంలో తెగిపోతుంది. క్రాన్ ఆ సంగతి దాచదు, తపాలా ఏర్పాటు ఉంటే యంత్రంలోని తపాలాపెట్టెకు విధేయంగా లేఖ రాస్తుంది. ఆ పెట్టెను తెరిచిన ఉద్యోగి సంస్థల చరిత్రలో అరుదు.

సరిగ్గా ఆరింటికి కరెంటు పోయి యంత్రం ఆగిపోతే, క్రాన్ తప్పిన పనిని గుర్తుంచుకోదు. సిస్టమ్‌డీ అనే కొత్త వ్యవస్థలోని టైమరు, ముందుగా చెప్పిపెడితే, లేవగానే ఆ పని చేస్తుంది. కానీ మూడు రోజులు మూతబడి లేచినా ఒక్కసారే చేస్తుంది గనుక, సంక్రాంతి సెలవుల తరువాత మిగిలిన రెండు ఫైళ్లనూ నాచారం నుంచి వచ్చే ఆ ఇంజనీరే చేత్తో పంపవలసి వస్తుంది.