కునుక్కీ ఒక యాప్

లారీ డ్రైవర్ల కష్టాలు ఇక తీరినట్టే! ఎక్కడ ఆగాలో, ఎక్కడ పడుకోవాలో ఫోనే చెబుతుందట. సెన్సార్లు ఖాళీ జాగాలు లెక్కపెడతాయి. తెర మీద పచ్చ చుక్క వెలుగుతుంది. డ్రైవరు చేయాల్సిందల్లా ఆ చుక్క దగ్గరికెళ్లి నడుం వాల్చడమే.

ఆ చుక్కను ఒక రాత్రి ములకలపల్లి అడవి దారిలో వెతుకుదాం రండి. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్రతో ఒక లారీ వెళుతోందనుకోండి. ఎదురుగా అప్పారావుపేట ఫ్యాక్టరీకి పామాయిల్ గెలల బండి. అటూ ఇటూ చెట్లు, మధ్యన ఇరుకు రోడ్డు. స్మార్ట్ పార్కింగ్ కంటే ముందు మామూలు పార్కింగ్ ఉండాలి కదా అని అడక్కండి. అది పాతకాలపు ఆలోచన.

అలాగని టెక్నాలజీ లారీని మరిచిపోయిందంటే పాపం తగులుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ఈ-వే బిల్లు రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున సరుక్కి గడువు కడుతుంది. కెమెరా నంబరు ప్లేటు చదివి చలానా పంపుతుంది. బండి ఎక్కడుందో జీపీఎస్ ఓనరుకు చెబుతుంది. ఇన్ని కళ్లలో ఒక్కదానికీ కనిపించనిది స్టీరింగు పట్టుకున్నవాడి కళ్ల ఎరుపే.

1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది, 2025 దాకా ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని. 5 గంటలు నిండేలోపు అరగంట విశ్రాంతి. అదీ కనీసం అయిదుగురు పనివాళ్లున్న సంస్థలకే. ఒకటి రెండు బండ్ల ఓనరు దగ్గర పనిచేసేవాడికి ఆ చట్టంలో కాగితపు నిద్రా ఉండేది కాదు. ఆ చట్టానికి ఒక సెన్సారు తగిలిద్దామని అన్నేళ్లలో ఎవరికీ తోచలేదు. తోస్తే జరిమానా కట్టాల్సింది డ్రైవరు కాదుగా!

రోడ్డు వారన ప్రమాదకరంగా ఆపితే మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను. ఒంటరిగా ఆపితే తెల్లారేసరికి ట్యాంకులో డీజిల్ ఉంటుందన్న నమ్మకం లేదు. ఆపకపోతే చెట్టు ఉండనే ఉంది. అయినా సర్కారు కనికరించింది. 2025 నుంచి కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. ఇక కునికిపాటు చల్లగా వస్తుంది.

స్మార్ట్ పార్కింగ్ అమెరికాలో ఉందిగా అంటారా? ఉంది. 2009లో పాడుబడ్డ పెట్రోలు బంకులో ఆగిన డ్రైవర్‌ను దొంగ కాల్చి చంపాడు. 2012లో అతని పేరిట చట్టం వచ్చింది. జాగా ఎంతుందో కొలిచారు, చాలదని తేలింది. 2019లో ఎనిమిది రాష్ట్రాలు హైవేల పక్కన ఖాళీలు చూపే బోర్డులు వెలిగించాయి. బోర్డు ఉన్న చోటును చూపుతుంది, లేని చోటును పుట్టించదు.

నిజంగా తెలివి ఒలికించాలనుంటే పని లేకపోలేదు. ఎకరం నేల చదును చేసి, నాలుగు లైట్లు, బోరు, మరుగుదొడ్డి, ఒక కాపలా మనిషిని పెట్టండి. ‘మీ అన్‌లోడింగ్ వంతు రేపు పొద్దున ఆరింటికి’ అని ఫ్యాక్టరీ గేటు నుంచి ముందే ఒక మెసేజ్ పంపండి. వరుసలో ఎక్కడ చోటు పోతుందోనన్న బెంగ లేకుండా డ్రైవరు పడుకుంటాడు. గంట దాటితే వెయిటింగ్ చార్జీ ఆ ఫోనులోనే పడేట్టు చేయండి. గేట్లు ఎంత స్మార్టుగా తెరుచుకుంటాయో చూడొచ్చు.

అదంతా ఖర్చు. యాప్ చవక. రేటింగ్ గురించి బెంగపడకండి. మీరు అడిగేది ఐదు స్టార్లే. లారీ టాపు మీద పడుకునేవాడికి వాటికేం కొదవ? ఆకాశంలో ఉన్నవన్నీ ఇచ్చేస్తాడు.